క్రిస్మసుకు ఇంకెన్నాళ్లున్నది?

"పండుగ ఇంకెన్నాళ్లున్నది?" అను ప్రశ్న పసిపిల్లలున్న ఇంటిలో తెల్లవారినది మొదలు ప్రొద్దుగూకువరకు ఎన్ని మారులు వినబడునో తల్లులకు మేము చెప్పనక్కరలేదు. "ఇంకను పది దినములు" అని బదులు చెప్పినచో బిడ్డకు తృప్తి కలుగదు. పది యనగా ఎంతయో వానికి తెలియదు. నిన్న, రేపు అను మాటలే నోట తారుమారగు వయస్సది. అర్ధగంట గడవకమునుపే అదే ప్రశ్న మరల వచ్చును.

మన పల్లెలలో పెద్దలు ఈ ప్రశ్నకు మాటతో గాక పనితో సమాధానము చెప్పిరి. ధనుర్మాసము ప్రవేశించినది మొదలు వాకిట ప్రతిదినము ముగ్గు, ముగ్గులో గొబ్బెమ్మలు, గొబ్బెమ్మల తలపై గుమ్మడిపూలు. పిల్లలు ఆవుపేడతో బిళ్లలవంటి చిన్న పిడకలు చేసి, నడుమ రంధ్రము పెట్టి, ఎండబెట్టి, దండ గ్రుచ్చుదురు. దండ పొడవైన కొలది భోగి దగ్గరపడును. లెక్కలు రాని బిడ్డకు సైతము ఆ లెక్క తెలియును.

క్రిస్మసు విషయమున ఇట్టి యెదురుచూపునకు ఎన్నో రూపములు కల్పించినవారు జర్మను దేశీయులు. క్రిస్మసు చెట్టు వారి దేశమునుండియే లోకమునకు వ్యాపించినదని చాలమంది యెరుగుదురు. దానికన్న చిన్నవియు, మా యభిప్రాయమున దానికన్న ముచ్చటైనవియు నగు ఆచారములు అచటి కుటుంబములలో మరికొన్ని కలవు. ఏటేట డిసెంబరు సమీపించినపుడు "పిల్లలచేత ఇంటియొద్ద ఏమి చేయింపవచ్చును?" అని శ్రోతలు మమ్ము అడుగుచుందురు గనుక వానిని గూర్చి కొంత విపులముగా చెప్పదలచితిమి.

1833వ సంవత్సరమున హాంబర్గు నగరమునకు చేరువనున్న హార్న్ గ్రామములో యోహాన్ హిన్‌రిఖ్ విఖర్న్ అను యువకుడు దిక్కులేని పిల్లలకొరకు ఒక ఆశ్రమము నెలకొల్పెను. అప్పటికాయన వయస్సు 25 ఏండ్లు. దైవశాస్త్రము చదివినవాడు. ఆదివారపు బడిలో బోధించుచు, హాంబర్గులోని పేదవాడలు తిరిగి, చీకటి గదులలో కుటుంబములెట్లు జీవించుచున్నవో కన్నులార చూచినవాడు. ఆశ్రమమునకు దొరికిన పాత యింటి పేరు 'రౌహెస్ హౌస్'. ఆ పేరే సంస్థకు నిలిచినది. అనాథాశ్రమమనగా వరుసగా మంచములు పరచిన పెద్ద సావడి యని మనకు తోచును. విఖర్న్ అట్లు చేయలేదు. పిల్లలను పండ్రెండేసి మంది చొప్పున చిన్న చిన్న కుటుంబములుగా విభజించి, ఒక్కొక్క కుటుంబమునకు ఒక్కొక్క 'అన్న'ను పెట్టెను.

ఆ పిల్లలు ఎట్టివారో తలచుకొనవలెను. కొందరు బిచ్చమెత్తినవారు, కొందరు దొంగతనములకు అలవాటుపడినవారు. పెద్దలు "ఇచ్చెదము" అని చెప్పినది ఇయ్యకపోవుటయే వారి అనుభవము. అట్టివారికి "పండుగ వచ్చుచున్నది" అని చెప్పినంత మాత్రమున నమ్మకము కలుగునా? క్రిస్మసుకు ముందు నాలుగు వారములు ఆశ్రమములో ప్రార్థనలు, పాటలు సాగుచుండగా పిల్లలు దినదినము ఆయనను పట్టుకొని "ఈ దినమేనా? ఇంకెన్నాళ్లు?" అని అడుగుచుండెడివారని చెప్పుదురు.

1839లో విఖర్న్ ఒక కొయ్యచక్రమును తెప్పించి ప్రార్థనశాలలో వ్రేలాడదీయించెను. దానిచుట్టు 24 క్రొవ్వొత్తులు పొదిగించెను. నాలుగు పెద్దవి, తెల్లనివి. ఇరువది చిన్నవి, ఎఱ్ఱనివి. దినమున కొక్కటి చొప్పున వెలిగింపవలెను. మామూలు దినములకు ఎఱ్ఱ క్రొవ్వొత్తి, ఆదివారమునకు తెల్ల క్రొవ్వొత్తి. వెలిగినవెన్ని, వెలుగవలసినవెన్ని అని చూచుకొనిన చాలును, పండుగ ఎంత దూరమున్నదో చదువురాని బాలునికైనను తెలిసిపోవును. మొదటినాడు చక్రమున ఒకే దీపము. తుదినాటికి చక్రమంతయు వెలుగు. డిసెంబరులో హాంబర్గులో సాయంకాలము నాలుగు గంటలకే చీకటిపడునను సంగతి జ్ఞప్తియందుంచుకొనినచో ఆ చక్రము ఆ పిల్లల కన్నులకెట్లు కనబడి యుండునో ఊహించుకొనవచ్చును.

ఇరువది నాలుగు అను సంఖ్యను గూర్చి ఒక మాట. క్రిస్మసుకు ముందువచ్చు నాలుగు ఆదివారములతో కూడిన కాలమును తెలుగు క్రైస్తవ సంఘములలో ఆగమన కాలమందురు, పాశ్చాత్యులు అడ్వెంటు అందురు. ఇది యేటేట ఒకే తేదీన మొదలు కాదు. మొదటి ఆదివారము నవంబరు 27 మొదలు డిసెంబరు 3 లోపల ఏనాడైన రావచ్చును. కావున డిసెంబరు 24 వరకు లెక్కించినచో ఒక యేడు 22 దినములే యుండును, మరియొక యేడు 28 ఉండును. 1839లో మొదటి ఆదివారము సరిగా డిసెంబరు 1వ తేదీన పడినది గనుక లెక్క ఇరువది నాలుగైనది. తరువాతి కాలమున అచ్చుపంచాంగములు చేసినవారు ఏటేట మార్చవలసిన చిక్కు లేకుండ డిసెంబరు 1 మొదలు 24 వరకే స్థిరపరచుకొనిరి.

1860 ప్రాంతమున ఆ చక్రమునకు ఫర్ కొమ్మల పచ్చదనము తోడైనది. అంత పెద్ద చక్రము ఇండ్లలో ఇముడదు గదా. కాలక్రమమున చిన్న క్రొవ్వొత్తులు పోయి, ఆకుల కడియముపై నాలుగు ఆదివారముల నాలుగు క్రొవ్వొత్తులు మాత్రము నిలిచినవి. నేడు జర్మనీలో భోజనపు బల్లమీద కనబడునది ఈ చిన్న కడియమే. ఇది చక్కనిదే. కాని దినదినము ఒక దీపము వెలిగించు ఆనందము దీనిలో లేదు. పిల్లవానికి వారము చాల పెద్దది.

ఆ దినపు లెక్క మరియొక త్రోవను ఇండ్లలోనికి వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దిలోనే కొన్ని యిండ్లలో తలుపుమీద సుద్దతో ఇరువది నాలుగు గీతలు గీసి, దినమున కొక గీత పిల్లవానిచే తుడిపించుచుండిరి. మరికొన్ని యిండ్లలో బాలయేసు బొమ్మకొరకు చిన్న తొట్టి సిద్ధపరచి, దినమున కొక గడ్డిపరక అందులో వేయించుచుండిరి. పండుగనాటికి తొట్టి మెత్తని పడక యగును. 1901లో వెలువడిన థామస్ మాన్ నవల 'బుడ్డెన్‌బ్రూక్స్'లో చిన్న హానో కొరకు ఇంటి దాది స్వహస్తముతో చేసిన చింపుడు కాగితముల పంచాంగ మొకటి కనబడును. ఆ బాలుడు ఒక్కొక్క కాగితమే చింపుచు పండుగను సమీపించును.

అచ్చు పంచాంగము కథ ఒక తల్లి చేతిపనితో మొదలైనది. మౌల్‌బ్రొన్ అను ఊరిలో 1881లో జన్మించిన గెర్హార్డ్ లాంగ్ ఒక మతగురువు కుమారుడు. క్రిస్మసు ఎప్పుడని బాలుడు వేధించుచుండగా తల్లి ఒక అట్టమీద 24 గళ్లు గీసి, గడికొక చిన్న తీపి బిస్కత్తు అమర్చి యిచ్చెనట. దినమున కొక్కటి మాత్రమే తినవలెనని నియమము. కుమారుడు పెద్దవాడై మ్యూనిక్ నగరమున ఒక శిలాముద్రణశాలలో భాగస్వామియైన తరువాత ఆ అట్టను మరువలేదు. ఇరువదవ శతాబ్ది మొదటి దశకములో 'బాలక్రీస్తు రాజ్యమున' అను అర్థము వచ్చు పేరుతో ఒక పంచాంగమును అచ్చువేసెను. అందు రెండు కాగితములు. ఒకదానిపై ఇరువది నాలుగు గళ్లు, గడికొక చిన్న పద్యము. రెండవదానిపై ఇరువది నాలుగు రంగుల బొమ్మలు. పిల్లవాడు దినమున కొక బొమ్మ కత్తిరించి, పద్యము చదివించుకొని, ఆ గడిలో అంటింపవలెను. కత్తెర, జిగురు, పద్యము, తల్లియో తండ్రియో ప్రక్కన కూర్చుండుట, ఇన్నియు కలిసినవి. తరువాత 1920ల దశకమున కాగితపు తలుపులు గల పంచాంగములు వచ్చినవి. తలుపు తెరచిన లోపల బొమ్మ కనబడును. నేడు లోకమంతట వాడుకలో నున్నది ఈ రకమే.

లాంగ్ ముద్రణశాల 1930ల దశకము ముగియులోపల మూతపడెను. పిమ్మట యుద్ధము. కాగితము కరవైనది. పసిపిల్లల పంచాంగమును సైతము నాటి నాజీ పాలకులు విడిచిపెట్టలేదు. క్రీస్తు జననమునకు సంబంధించిన బొమ్మలు తొలగించి, ఆ స్థానమున జానపద కథలును, సూర్యచిహ్నములును, సైనికులును గల పుస్తకములు తమ పార్టీ పక్షమున అచ్చువేయించి పంచిరి. బిడ్డ తన చేతితో దినదినము తెరచి చూచునది ఎంత బలమైనదో వారు గ్రహించిరన్న మాట. యుద్ధము ముగిసి, నగరములు శిథిలములై, రొట్టెకు కరవుగా నున్న 1946లో ష్టుట్‌గార్ట్ నగరమున రిఖర్డ్ సెల్మెర్ అనునతడు ఆక్రమణ సైన్యాధికారుల యనుమతి పొంది తిరిగి పంచాంగములు అచ్చువేయనారంభించెను. మొదటి పంచాంగము పేరు 'చిన్న పట్టణము'. ఇండ్లు, కిటికీలు, కిటికీలలో దీపములు. ఇల్లు కూలిపోయిన పిల్లలు కిటికీ కిటికీ తెరచి లోపల వెలుగు చూచుకొనుటకు దానికన్న తగిన బొమ్మ మరియొకటి యుండునని మేము తలపము.

1950ల చివరినుండి ఈ తలుపుల వెనుక బొమ్మకు బదులు చాకొలెట్టు చేరినది. నేడు ఆటబొమ్మలు, సుగంధద్రవ్యములు, తేయాకు పొట్లములు సైతము చేరి, పెద్దవారికొరకును వేలకొలది రూపాయల వెల గల పెట్టెలు అమ్ముడగుచున్నవి. ఇందు మాకొక సందేహము కలదు. ప్రతిదినమును ఒక కానుక వచ్చినపుడు ఎదురుచూపు ఎక్కడ? ఇరువది నాలుగు చిన్న పండుగలు జరిగి అసలు పండుగనాటికి పిల్లవాడు అలసిపోవును. లాంగ్ తల్లి ఇచ్చినది గోటియంత బిస్కత్తు. అది కానుక కాదు, లెక్కకు పెట్టిన గురుతు.

పంచాంగమును విడిచి మిగిలిన ఆచారములు చూతము. డిసెంబరు 5వ తేదీ రాత్రి పిల్లలు తమ బూట్లు శుభ్రముగా తుడిచి గుమ్మము ముందుంచుదురు. తెల్లవారులోపల నికొలసు మునివర్యుడు వచ్చి వానిలో వాల్‌నట్‌లు, ఆపిలుపండ్లు, నారింజలు వేసి పోవునని నమ్మిక. ఈ నికొలసు నాలుగవ శతాబ్దిలో, నేటి తుర్కీ దేశములోని మైరా నగరమున బిషప్పుగా నుండినవాడు. ఆయన స్మారకదినము డిసెంబరు 6. తల్లులు ఏడాదిపొడుగున మొత్తుకొనినను తుడువని బూట్లు ఆ యొక్క రాత్రి అద్దమువలె మెరయునట. ఆయన వెంట బెత్తము పట్టుకొని భయపెట్టు అనుచరు డొకడు వచ్చుననియు కొన్ని ప్రాంతములలో చెప్పుదురు. మన బూచివాని జ్ఞాతి. ఆ భాగమును మన యిండ్లకు తెచ్చుకొననక్కరలేదు. బూచివాండ్రు మనకు చాలినంతమంది యున్నారు.

మా కన్నిటికన్న నచ్చినది డిసెంబరు 4వ తేదీ ఆచారము. అది బార్బరా అను పునీతురాలి దినము. ఆనాడు తోటలోని చెర్రీచెట్టునుండి ఎండిపోయినట్లున్న కొమ్మలు కోసి తెచ్చి, నీటిలో నుంచి, వెచ్చని గదిలో పెట్టుదురు. సుమారు మూడు వారములకు, సరిగా క్రిస్మసునాటికి, ఆ మోడుకొమ్మలు తెల్లని పూలు పూయును. వెలుపల మంచు కురియుచుండగా ఇంటిలో పూవు. ఇందు మాయ లేదు. శీతలదేశపు చెట్లు ఆకురాల్చుటకు ముందే మరుసటి వసంతమునకు కావలసిన మొగ్గలను సిద్ధపరచుకొని నిద్రించును. కొన్ని వారముల చలి తగిలినగాని ఆ నిద్ర తీరదు. చలి చాలిన పిమ్మట వెచ్చదనము తగిలినచో వసంతము వచ్చినదని మొగ్గ మోసపోయి విచ్చుకొనును. ఆ యేడు చలి ఆలస్యమైనచో తెలిసినవారు కొమ్మలను ఒక రాత్రి మంచుపెట్టెలో నుంచి, తరువాత నీటిలో పెట్టుదురు. పిల్లలు దినదినము మొగ్గను పరీక్షించుచు, నీరు మార్చుచు, "ఉబ్బినదా, చీలినదా" అని చూచుచుందురు.

మన యెండలలో చెర్రీచెట్టు లేదు. వేపకొమ్మ నీటిలో పెట్టినను ఈ ఫలము కలుగదు. కాని అదే బార్బరా దినమున, జర్మనీలో గాక ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగమైన ప్రొవాన్సు సీమలో, మరియొక ఆచారము కలదు. చిన్న పళ్లెములలో తడి దూదిపై గోధుమలు చల్లుదురు. క్రిస్మసునాటికి అవి జానెడు పచ్చని పైరగును. పైరు నిటారుగా ఎదిగినచో రాబోవు సంవత్సరము సుభిక్షమని సంతోషింతురు. ఇది మనకు క్రొత్తగా తోచదు. పెండ్లిలో పాలికలలో నవధాన్యములు చల్లి మొలకలెత్తించు జాతి మనది. గోధుమలు, మెంతులు, ఆవాలు, ఏవైనను సరే. మన వాతావరణమున అవి మూడు వారములు పట్టవు గనుక డిసెంబరు రెండవ వారము గడచిన తరువాత చల్లుకొనవచ్చును. నీరు నిలువ యుండరాదు, తడి మాత్రమే యుండవలెను. ఎక్కువ నీరు పోయుటయే పిల్లలు చేయు తప్పు. ఒక పళ్లెము కుళ్లినచో కుళ్లనిండు. మరియొకటి చల్లుటకు దినములున్నవి.

వంటయింటిలోనికి వెళ్లినచో అక్కడను ఎదురుచూపే. జర్మనీలో 'లెబ్‌కూఖెన్' అను మసాలా రొట్టెకు నూరెంబర్గు నగరము పేరుపొందినది. 1643లోనే అచట ఆ రొట్టె చేయువారికి ప్రత్యేకమైన వృత్తిసంఘ మేర్పడినది. తేనె, పప్పులతోబాటు దానిలో పడునవి దాల్చినచెక్క, లవంగములు, ఏలకులు, జాజికాయ. అన్నియు మన తూర్పు దిక్కునుండి ఓడలెక్కి వెనిసు రేవునకు చేరి, కొండలు దాటి నూరెంబర్గు అంగడికి వచ్చిన సరకులే. కలిపిన పిండిని కొందరు వారముల తరబడి నిలువయుంచిన తరువాతనే కాల్చుదురు. డ్రెస్డెన్ నగరపు 'ష్టోలెన్' అను ఎండుద్రాక్ష రొట్టెను నవంబరులోనే కాల్చి, గుడ్డలో చుట్టి, పదనుకు వచ్చువరకు దాచుదురు. పూర్వము ఆగమన కాలము ఉపవాసకాలము. వెన్న నిషిద్ధము. సాక్సనీ పాలకులు పోపుగారికి విన్నవించుకొనగా 1491లో ఎనిమిదవ ఇన్నోసెంటు పోపు వెన్న వాడుకొనుటకు అనుమతి పత్ర మిచ్చెను. వెన్న లేని రొట్టె ఎంత చప్పగా నుండెనో, రాజులు రోమునకు రాయబారములు పంపవలసివచ్చినది!

ఈ పిండితోనే పిల్లలు నక్షత్రములు, చంద్రవంకలు అచ్చులతో కోయుదురు, రొట్టె యిల్లు కట్టుదురు. గ్రిమ్ సోదరులు 1812లో ప్రకటించిన కథలలో హాన్సెల్, గ్రెటెల్ అను అన్నాచెల్లెండ్రు అడవిలో చూచిన తినుబండారముల యిల్లది. ఈ కథను గూర్చి ఆకాశవాణివారమైన మేము ఒక మాట చెప్పక తప్పదు. అడెల్‌హైడ్ వెట్టె అను తల్లి తన పిల్లలు ఇంటిలో ఆడుకొనుటకు ఈ కథను చిన్న నాటకముగా వ్రాసి, పాటలకు స్వరములు కట్టుమని సోదరుడైన ఎంగెల్బెర్ట్ హంపర్‌డింకు నడిగెను. ఆ యింటి ఆటయే పెరిగి పెరిగి సంగీతనాటకమై 1893 డిసెంబరు 23న వైమార్ నగరమున ప్రదర్శింపబడినది. 1931 క్రిస్మసునాడు న్యూయార్కు మెట్రోపాలిటన్ నాటకశాలవారు తమ ప్రదర్శనము నొకదానిని మొట్టమొదటిసారి సంపూర్ణముగా రేడియోలో ప్రసారము చేయనెంచినపుడు ఎన్నుకొనినది దీనినే. పిల్లలచే ఇంటిలో నాటకమాడించు తల్లులు దీనిని జ్ఞప్తియందుంచుకొందురు గాక.

నక్షత్రపు దీపమును గూర్చియు చెప్పవలెను. సాక్సనీలోని హెర్న్‌హూట్ కేంద్రముగా గల మొరేవియను క్రైస్తవులు తమ గురువులను దూరదేశములకు పంపుచుండిరి. ఆ తలిదండ్రుల పిల్లలు నీస్కీ మున్నగు చోట్ల వసతి పాఠశాలలలో పెరుగుచుండిరి. పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగమున అట్టి పాఠశాలలో క్షేత్రగణితపు పాఠముగా కాగితపు కోణములు కూర్చి నక్షత్రము చేయుట మొదలైనది. ఆగమన కాలపు మొదటి ఆదివారమున పిల్లలు కోణములన్నియు కూర్చుకొని, నడుమ దీపము పెట్టి వ్రేలాడదీయుదురు. సముద్రములకావల నున్న తల్లిని తలచుకొనుచు కాగితము మడచు బాలునికి ఆ నక్షత్రము వట్టి గణితము కాదు. నేడు ఇండ్లలో వెలుగు సాధారణ నక్షత్రమునకు 25 కోణములు. పదునేడు చదరపు పీఠము గలవి, ఎనిమిది త్రికోణపు పీఠము గలవి. పండుగలు గడచిన పిమ్మట విడదీసి దాచి, మరుసటి యేడు పిల్లలు మరల కూర్చుదురు.

మన తెలుగు సీమలో క్రైస్తవ కుటుంబములవారు వెదురుబద్దలతో చట్రము కట్టి, రంగు కాగితము అంటించి, గుంజకెత్తి నిలుపు నక్షత్రము ఆకారమున వేరు. అందు అయిదు కోణములే. కాని అదియు ఇంటిల్లిపాదియు కూర్చుండి చేయునదే. బద్దలు చీల్చుట తాతగారి పని, మైదాజిగురు కాచుట తల్లి పని, జిగురు ముఖమునకు పూసికొనుట చిన్నవాని పని. గుంటూరునకు 1842లో వచ్చిన లూథరను గురువు హయ్యరు జర్మనీలో పుట్టి అమెరికాకు వలసపోయినవాడు. 1860ల దశకమున జర్మనీలోని హెర్మన్స్‌బుర్గు సంఘమువారు నెల్లూరు దక్షిణ భాగమునకు వచ్చిరి. ఆగమన కాలపు నాలుగు ఆదివారములను ఆ ప్రాంతపు లూథరను సంఘములు నేటికిని పాటించుచున్నవి. అరిసెలు, కజ్జికాయలు, కోవెలకు క్రొత్తబట్టలు, రాత్రివేళ ఇల్లిల్లు తిరుగు కీర్తనబృందములు మనవారి వంతు. కీర్తనలు పాడువారు ఏ జామున వచ్చెదరో తెలియక పిల్లలు నిద్ర నాపుకొని గుమ్మమున కూర్చుండుటయు ఎదురుచూపే గదా.

జర్మనీలో పండుగ తుదిఘట్టము డిసెంబరు 24 సాయంకాలము. ఆనాడు ముందుగది తలుపు మూసి తాళము వేయుదురు. పెద్దలు లోపల చెట్టు అలంకరించుచుందురు. పిల్లలు తాళపుచెవి సందున కన్ను పెట్టుదురు, ఏమియు కనబడదు. అపుడు లోపల చిన్న గంట మ్రోగును. తలుపు తెరచుకొనును. ఒక నెల దినములుగా కాగితపు తలుపులు తెరచిన చేతులు నిజమైన తలుపు ముందు నిలువబడును.

ఇంటిలో చేసికొనదలచినవారికి మేము చెప్పదగినది స్వల్పము. ఖాళీ అగ్గిపెట్టెలు 24 సేకరింపుడు. ఆరు చొప్పున నాలుగు వరుసలుగా అట్టమీద అంటించి, పైన రంగు కాగితము వేసి, తేదీలు వ్రాయుడు. ఒక్కొక్కదానిలో ఒక చీటీ. "ఈ దినము అమ్మమ్మచేత కథ చెప్పించుకొనవలెను", "పొరుగింటి తాతగారికి బొమ్మ గీసి యియ్యవలెను", "నక్షత్రమునకు కాగితము కత్తిరింపవలెను", "గోధుమలు చల్లవలెను". అక్కడక్కడ ఒక వేరుసెనగ పప్పు, ఒక కలకండ పలుకు. అన్ని పెట్టెలలో తీపి పెట్టవలదు. చదువురాని బిడ్డకు చీటీపై మాటకు బదులు బొమ్మ గీయుడు. క్రొవ్వొత్తుల చక్రము చేయువారు కాగితములు, ఎండుటాకులు దగ్గర లేకుండ చూచి, పెద్దలు ప్రక్కనుండగానే వెలిగింపవలెను. నక్షత్రములో చిన్న విద్యుద్దీపమే మేలు.

మాలో ఒకరి యింట అగ్గిపెట్టెల పంచాంగము కట్టినపుడు నాలుగేండ్ల చిన్నవాడు రెండవనాటి మధ్యాహ్నమే, ఇల్లు నిద్రించుచుండగా, ఇరువది నాలుగు పెట్టెలును తెరచి పప్పులన్నియు తినివేసెను. తల్లి కోపపడలేదు. చీటీలన్నియు మరల మడచి పెట్టెలలో పెట్టించెను. మరునాటి ఉదయము వాడు మూడవ పెట్టె యెదుట నిలువబడి, అందేమున్నదో ఎరుగనివానివలె కన్నులు పెద్దవి చేసి, మెల్లగా తెరచెను. తక్కిన ఇరువదియొక్క దినములును అట్లే జరిగినది.